పట్టికలో లేని సంఖ్య

(గణితశాస్త్ర ధర్మనిధి స్మారక ఉపన్యాస పాఠం)



స్మారకోపన్యాసంలో మొదటి పావుగంట ఎవరి పేరున సభ జరుగుతోందో వారి గుణగణాలకు కేటాయించడం మన ఆనవాయితీ. ఇవాళ మనం స్మరించుకుంటున్న మాస్టారు ఉంటే అందుకు ఒప్పుకునేవారు కాదు. ఆయన దగ్గర చదివినవాళ్ళందరికీ గుర్తుండే సంగతి ఒక్కటి చెప్పి విషయంలోకి వెళ్తాను. పుస్తకం చివర ఇచ్చిన జవాబుతో మన లెక్క సరిపోయిందని చెబితే ఆయనకు తృప్తి ఉండేది కాదు. సరిపోకపోతేనే ఉత్సాహం వచ్చేది. తప్పు మనదా, పుస్తకానిదా తేల్చమనేవారు. తేల్చడానికి నియమం కావాలి, పుస్తకం మీద ఉన్న పేరు పనికిరాదు అనేవారు. ఇవాళ నేను ఎంచుకున్న అంశం ఆ మాటకు ఉదాహరణ. పుస్తకం మాత్రం సామాన్యులది కాదు, శ్రీనివాస రామానుజన్‌ది.

రామానుజన్ పేరు వినగానే 1729 గురించి అనుకుంటారు. ఆ టాక్సీ కథ మీ అందరికీ తెలుసు, దాన్ని వదిలేద్దాం. నేను మాట్లాడబోయే సంఖ్య ఇది:

2,93,31,86,25,600

ఇరవై తొమ్మిది వేల మూడు వందల ముప్ఫై ఒక్క కోట్ల ఎనభై ఆరు లక్షల ఇరవై అయిదు వేల ఆరు వందలు. ఒక ప్రభుత్వ శాఖ బడ్జెట్ అంకెలా ఉంది కానీ, సంఖ్యాశాస్త్రంలో దీనికి చెప్పుకోదగ్గ చరిత్ర ఉంది. 1915లో రామానుజన్ అచ్చు వేసిన ఒక పట్టికలో ఉండవలసిన సంఖ్య ఇది. అందులో లేదు.

1. సంఖ్య లోపల ఏముంది

ఏ సంఖ్యనైనా తెలుసుకోవాలంటే ముందు దాన్ని ప్రధాన సంఖ్యలుగా విడగొట్టాలి. ఇది ఇలా విడిపోతుంది:

2⁶ × 3⁴ × 5² × 7² × 11 × 13 × 17 × 19

మొదటి ఎనిమిది ప్రధాన సంఖ్యలూ ఒక్కటి కూడా తప్పకుండా ఉన్నాయి. ఘాతాలు 6, 4, 2, 2, 1, 1, 1, 1. ఎడమ నుంచి కుడికి తగ్గుతాయి లేదా సమంగా ఉంటాయి, ఎక్కడా పెరగవు. ఇది కాకతాళీయం కాదు, కారణం కాసేపట్లో వస్తుంది.

ఇదే సంఖ్యను ఇంకోలా చూడండి. మొదటి నాలుగు పదాల ఘాతాలూ సరిసంఖ్యలు కాబట్టి వాటి లబ్ధం ఒక వర్గం అవుతుంది. ఏ సంఖ్య వర్గం? 8 × 9 × 5 × 7, అంటే 2520. ఒకటి నుంచి పది వరకు ఉన్న సంఖ్యల క.సా.గు. అదే అని ఆరో తరగతి పిల్లలు కూడా చెబుతారు. కాబట్టి మన సంఖ్య 2520 వర్గాన్ని 11, 13, 17, 19తో గుణిస్తే వచ్చేది. 2520 వర్గం 63,50,400. ఆ నాలుగు ప్రధాన సంఖ్యల లబ్ధం 46,189. రెంటినీ గుణించి చూసుకోండి.

ఒకటి నుంచి ఇరవై రెండు వరకు ఏ సంఖ్యతో భాగించినా శేషం రాదు. మొదటిసారి శేషం వచ్చేది 23 దగ్గర. ఈ 23ను గుర్తుపెట్టుకోండి. కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఇక కారణాంకాల లెక్క. ఒక కారణాంకం తయారు చేయాలంటే 2ను అసలు తీసుకోకపోవడం నుంచి ఆరుసార్లు తీసుకోవడం వరకు ఏడు దారులున్నాయి. 3కు అయిదు, 5కు మూడు, 7కు మూడు, మిగిలిన నాలుగింటికీ రెండేసి. 7 × 5 × 3 × 3 × 2 × 2 × 2 × 2 = 5040. అంటే ఈ సంఖ్యను శేషం లేకుండా భాగించేవి 5040 ఉన్నాయి. ఇంతకంటే చిన్న సంఖ్య దేనికీ ఇన్ని కారణాంకాలు లేవు. దీని ప్రత్యేకత అదే.

2. రామానుజన్ వ్యాసం

తనకంటే చిన్న సంఖ్యలన్నింటి కంటే ఎక్కువ కారణాంకాలున్న సంఖ్యకు రామానుజన్ హైలీ కాంపోజిట్ నంబర్ అని పేరు పెట్టారు. మనం అతిసంయుక్త సంఖ్య అందాం. 2, 4, 6, 12, 24, 36, 48, 60, 120 ఇలా మొదలవుతాయి. మనుషులు వీటిని గణితం కోసం కాకుండా పంపకాల కోసం ఎప్పుడో కనిపెట్టారు. రోజుకు 60 ఘడియలు, ఘడియకు 60 విఘడియలు, వృత్తానికి 360 డిగ్రీలు, డజనుకు 12. వందకు తొమ్మిదే కారణాంకాలుంటే, వందలో మూడు వంతులు కూడా లేని అరవైకి పన్నెండు ఉన్నాయి. ప్లేటో తన ‘లాస్’ గ్రంథంలో ఆదర్శ నగరంలో 5040 మంది పౌరులుండాలని ప్రతిపాదించి, ఆ సంఖ్యను ఒకటి నుంచి పది వరకు అన్నింటితోనూ భాగించవచ్చని కారణం చెప్పారు. 5040 కూడా అతిసంయుక్త సంఖ్యే. దానికి 60 కారణాంకాలు.

ఇక్కడో చిన్న వింత చూపిస్తాను. మన సంఖ్యకు 5040 కారణాంకాలు. 5040కి 60. అరవైకి 12. పన్నెండుకు 6. ఆరుకు 4. రెండు లక్షల తొంభై మూడు వేల మిలియన్ల పైచిలుకు సంఖ్య నుంచి బయలుదేరి ఆరు అడుగుల్లోపే నాలుగుకు దిగాం. దారిలో తగిలినవన్నీ అతిసంయుక్త సంఖ్యలే. నాలుగుకు 3 కారణాంకాలు. ఆ మూడుతో గొలుసు తెగుతుంది.

1914 ఏప్రిల్‌లో రామానుజన్ కేంబ్రిడ్జి చేరారు. కొన్ని నెలల్లోనే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 1915లో లండన్ మేథమెటికల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో ఆయన వ్యాసం ‘హైలీ కాంపోజిట్ నంబర్స్’ అచ్చయింది. అరవై పుటలు దాటిన వ్యాసం. 1916 మార్చిలో కేంబ్రిడ్జి ఆయనకు పరిశోధన ద్వారా బీఏ పట్టా ఇచ్చింది ప్రధానంగా ఈ వ్యాసం ఆధారంగానే. కుంభకోణంలోనూ మద్రాసులోనూ ఎఫ్.ఏ. పరీక్ష గట్టెక్కలేకపోయిన మనిషికి దక్కిన మొదటి డిగ్రీ అది.

ఆ వ్యాసంలోని రెండు ఫలితాలు ఇవాళ్టి కథకు కావాలి. మొదటిది: అతిసంయుక్త సంఖ్యలో ప్రధాన సంఖ్యలు 2 నుంచి వరుసగా ఉంటాయి, మధ్యలో ఏదీ జారిపోదు, ఘాతాలు ఎక్కడా పెరగవు. ఎందుకంటే పెద్ద ప్రధాన సంఖ్యకు ఎక్కువ ఘాతం, చిన్నదానికి తక్కువ ఘాతం ఉంటే ఆ రెండు ఘాతాలనూ తారుమారు చేయవచ్చు. కారణాంకాల సంఖ్య మారదు, సంఖ్య మాత్రం చిన్నదవుతుంది. అప్పుడు మొదటిది రికార్డు ఎలా అవుతుంది? రెండోది: ఆఖరి ప్రధాన సంఖ్య ఘాతం ఎప్పుడూ 1. దీనికి మినహాయింపులు రెండే, 4, 36. మొదటి ఫలితం మీరు ఇంటర్మీడియట్ బీజగణితంతో నిరూపించవచ్చు. రెండోదానికి కొంచెం శ్రమ పడాలి.

వ్యాసంలో ఒక పట్టిక ఉంది. 2తో మొదలై 67,46,32,83,88,800 వరకు వెళుతుంది. ఆ ఆఖరి సంఖ్యకు 10,080 కారణాంకాలు. పట్టికలో మొత్తం 102 సంఖ్యలు. ఉండవలసినవి 103. గణనయంత్రం లేని కాలంలో, పదమూడు అంకెల దాకా, చేత్తో వేసిన లెక్క. తప్పిపోయింది ఒక్కటే.

3. ఇంతకంటే చిన్నది లేదని ఎలా తెలుసు

ఫలానా సంఖ్యకు 5040 కారణాంకాలున్నాయని చెప్పడం తేలిక. దానికంటే చిన్నవాటిలో దేనికీ అన్ని లేవని చెప్పాలంటే రెండు లక్షల తొంభై మూడు వేల మిలియన్ల సంఖ్యలను ఒక్కొక్కటే చూడాలా? అక్కర్లేదు. రామానుజన్ మొదటి ఫలితం వాటిలో చాలా భాగాన్ని ఊడ్చేస్తుంది. ఘాతాలు పెరగని సంఖ్యలను మాత్రమే పరిశీలిస్తే చాలు. వాటిని ఎన్ని ప్రధాన సంఖ్యలున్నాయన్న లెక్కన గుంపులు చేద్దాం.

మొదటి పన్నెండు ప్రధాన సంఖ్యల లబ్ధం మన సంఖ్య కంటే పెద్దది. కాబట్టి పన్నెండు, ఆ పైన ఉన్నవి పోయాయి. పదకొండింటి లబ్ధం 2,00,56,04,90,130. ఇది మన హద్దులో ఉంది కానీ, దాన్ని రెండుతో గుణించినా హద్దు దాటిపోతుంది. కాబట్టి ఆ గుంపులో 2048 కారణాంకాల దగ్గరే ఆగాలి. పది ప్రధాన సంఖ్యలుంటే గరిష్ఠం 4096. ఏడు, అంతకు తక్కువ ఉన్న గుంపులు 5040కి చాలా దూరంలో ఆగిపోతాయి.

అసలు పోటీ ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య. తొమ్మిది ప్రధాన సంఖ్యలంటే 23 కూడా లోపలికి వస్తుంది. వాటన్నింటినీ ఒక్కోసారి గుణిస్తే 22,30,92,870. మన హద్దును దీనితో భాగిస్తే 1314 కంటే కొంచెం ఎక్కువ వస్తుంది. అంటే అదనపు ఘాతాలకు మనకున్న జాగా 1314. అందులో ఎలా సర్దినా గరిష్ఠంగా 4800 కారణాంకాలు వస్తాయి. 2, 3ల ఘాతాలు నాలుగేసి, 5 ఘాతం రెండు అయినప్పుడు. ఆ సంఖ్య 2,40,94,02,99,600. మన సంఖ్యకు ముందు వచ్చే అతిసంయుక్త సంఖ్య అదే.

ఎనిమిదే ఉంచుకుంటే 23 ఖర్చు మిగులుతుంది. ఎనిమిదింటి లబ్ధం 96,99,690. హద్దును దీనితో భాగిస్తే సరిగ్గా 30,240 వస్తుంది, శేషం లేదు. ఆ 30,240 అంటే 2⁵ × 3³ × 5 × 7. మన సంఖ్యలో ఉన్న అదనపు ఘాతాలన్నీ అవే. జాగా 30,240 లోపు ఉంటే ఎన్ని విధాలుగా సర్దినా 4608 దాటదు. అంచును ముట్టుకున్న మరుక్షణం 5040కి ఎగురుతుంది. రెండు గుంపుల్లోనూ 5040ని ఇంతకంటే ముందు అందుకున్నది లేదు. అయిపోయింది నిరూపణ. ఒక సాయంత్రం, నాలుగు ఠావుల కాగితం ఉంటే మీరే మొత్తం సరిచూసుకోవచ్చు.

4. ఎలా తప్పిపోయి ఉంటుంది

ఈ విభాగంలో చెప్పేది నా ఊహ, దస్తావేజు సాక్ష్యం కాదు. అంకెలు మాత్రం నిజం. 23 మొదటిసారి అతిసంయుక్త సంఖ్యల్లోకి అడుగుపెట్టిన చోటు నుంచి వరుసగా రాసి, పక్కన కారణాంకాల సంఖ్య, 23 ఉందో లేదో రాద్దాం.

64,25,07,46,560 — 3584 — ఉంది
73,32,96,56,400 — 3600 — లేదు
80,31,34,33,200 — 3840 — ఉంది
97,77,28,75,200 — 4032 — లేదు
1,28,50,14,93,120 — 4096 — ఉంది
1,46,65,93,12,800 — 4320 — లేదు
1,60,62,68,66,400 — 4608 — ఉంది
2,40,94,02,99,600 — 4800 — ఉంది
2,93,31,86,25,600 — 5040 — లేదు
3,21,25,37,32,800 — 5376 — ఉంది

మూడో నిలువు వరుస చదవండి. ఉంది, లేదు, ఉంది, లేదు, ఉంది, లేదు. 23 లేని పాత కుటుంబం, 23 ఉన్న కొత్త కుటుంబం వంతులవారీగా రికార్డు కొడుతున్నాయి. ఆ తర్వాత ఉంది, ఉంది. వరుసగా రెండుసార్లు 23 ఉన్న సంఖ్యే వచ్చింది. ఇక్కడికి వచ్చిన ఎవరైనా 23 లేని సంఖ్యల రోజులు ముగిశాయనే అనుకుంటారు. నిజానికి ముగిశాయి కూడా, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటే మన సంఖ్య. దాని తర్వాత పట్టిక చివరి దాకా 23 లేని సంఖ్య ఒక్కటీ రాదు.

ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, దీని బంధువులందరూ పట్టికలో ఉన్నారు. దీనిలో ఆరో వంతు 48,88,64,37,600 ఉంది. నాలుగో వంతు, మూడో వంతు, సగం మూడూ పైన రాసిన పది సంఖ్యల్లోనే ఉన్నాయి. 23 లేని ఆ మూడు వరుసలూ అవే. దీన్ని 23తో గుణిస్తే వచ్చేది 67,46,32,83,88,800, పట్టికలోని ఆఖరి సంఖ్య. ఆ ఆఖరిదానికి కూడా ఆరో వంతు, నాలుగో వంతు, మూడో వంతు, సగం పట్టికలో కనిపిస్తాయి. ఇరువైపులా తొమ్మిది మంది ఉండగా మధ్యలో ఒక్క గడి ఖాళీ.

గొప్పవాళ్ళ పొరపాట్లు ఏరి సంతోషించే అలవాటు కొందరికి ఉంటుంది. నేను ఆ పని మీద రాలేదు. ఒక్క విషయం గమనించండి. పట్టికలో లేదని ఈ సంఖ్య రికార్డు పోలేదు. ఉన్న 102 సంఖ్యలూ రామానుజన్ రాశారు కాబట్టి అతిసంయుక్తాలు కాలేదు. ఆయనే ఇచ్చిన నిర్వచనం, ఆయనే నిరూపించిన నియమం పట్టికను సరిదిద్దాయి. తన పట్టికను కూడా దిద్దగలిగిన సిద్ధాంతం ఇచ్చి వెళ్ళడం ఆయన గొప్పతనం.

5. అచ్చుకాని భాగం, రీమన్ ఊహ

ఆ వ్యాసానికి ఇంకో కథ ఉంది. యుద్ధకాలంలో లండన్ మేథమెటికల్ సొసైటీ ఆర్థిక ఇబ్బందుల్లో పడింది. అందువల్ల రాసినదంతా అచ్చుకాలేదు, చివరి భాగం చేతిరాతలో ఉండిపోయింది. అది 1988లో నరోసా ప్రచురించిన ‘లాస్ట్ నోట్‌బుక్’ సంపుటంలో ఇతర కాగితాలతో పాటు వెలుగు చూసింది. ఫ్రెంచి గణితవేత్తలు జాఁ లూయీ నికొలా, గీ రొబాఁ దానికి వ్యాఖ్య రాసి 1997లో ‘రామానుజన్ జర్నల్’ మొదటి సంపుటంలో ప్రచురించారు. రాసినప్పటికీ సరిగా అచ్చయినప్పటికీ మధ్య ఎనభై ఏళ్ళ పైచిలుకు గడిచింది.

ఆ భాగంలో కారణాంకాలు ఎన్ని అన్న ప్రశ్న నుంచి వాటి మొత్తం ఎంత అన్న ప్రశ్నకు రామానుజన్ జరిగారు. మన సంఖ్యతోనే చూద్దాం. 5040 కారణాంకాలనూ కూడితే 16,42,24,30,14,720 వస్తుంది. సంఖ్యకు సుమారు 5.60 రెట్లు. తనతో కలిపి కారణాంకాల మొత్తం సరిగ్గా రెండు రెట్లయితే పరిపూర్ణ సంఖ్య, 6, 28 మాదిరి. రెండు రెట్లు దాటితే సమృద్ధ సంఖ్య. మనది సమృద్ధికి కూడా చాలా పైన ఉంది.

అయితే ఈ కొలతలో మన సంఖ్య రికార్డు కాదు. దీనిలో సగం కంటే కాస్త ఎక్కువ ఉన్న 1,60,62,68,66,400కి ఈ నిష్పత్తి సుమారు 5.65. నిష్పత్తిలో రికార్డు కొట్టే సంఖ్యలకు 1944లో అలోగ్లు, ఎర్డోష్ సూపర్‌అబండంట్ అని పేరు పెట్టి విస్తృతంగా పరిశోధించారు. కలకత్తాలో పనిచేసిన ఎస్.ఎస్. పిళ్ళై 1943లో దగ్గరి బంధువు లాంటి మరో వర్గాన్ని, కారణాంకాల మొత్తంలోనే రికార్డు కొట్టేవాటిని, అధ్యయనం చేశారు. 1950లో అమెరికాలో జరిగే అంతర్జాతీయ గణిత మహాసభకు వెళుతూ కైరో దగ్గర విమాన ప్రమాదంలో పిళ్ళై మరణించారు. మన సంఖ్య కారణాంకాల లెక్కలో మొదటి వరుస, నిష్పత్తి లెక్కలో రెండో వరుస. 23ను వదిలేసి 7ను రెండుసార్లు తీసుకోవడం లెక్కపెట్టేటప్పుడు లాభించింది, కూడేటప్పుడు నష్టపెట్టింది.

ఇప్పుడు గణితంలో అన్నింటికంటే పేరున్న పరిష్కారం కాని సమస్య ఈ గదిలోకి వస్తుంది. 1984లో రొబాఁ ఒక ఫలితం నిరూపించారు. ఒక సంఖ్యకు సహజ సంవర్గమానం తీసి, దానికి మళ్ళీ సహజ సంవర్గమానం తీసి, ఆ ఫలితాన్ని సుమారు 1.781తో గుణించండి. 5040 దాటిన ప్రతి సంఖ్యకూ మనం చెప్పుకున్న నిష్పత్తి ఈ హద్దు లోపలే ఉంటే రీమన్ ఊహ నిజం. ఒక్కటి దాటినా అబద్ధం. రీమన్ ఊహ ప్రధాన సంఖ్యల పంపిణీ గురించినది. దాన్ని హైస్కూలు పిల్లలకు అర్థమయ్యే కారణాంకాల మొత్తంగా మార్చారన్నమాట.

మన సంఖ్యకు ఆ హద్దు సుమారు 5.83. నిష్పత్తి 5.60. హాయిగా లోపల ఉంది. 5040కి మాత్రం హద్దు 3.817, నిష్పత్తి 3.838. వెంట్రుకవాసి దాటింది. ఇప్పటివరకు తెలిసిన వాటిలో హద్దు దాటిన ఆఖరి సంఖ్య 5040. ప్లేటో పౌరుల సంఖ్య, మన సంఖ్య కారణాంకాల సంఖ్య, రీమన్ ఊహ సరిహద్దు రాయి ఒకటే కావడం మాత్రం యాదృచ్ఛికం. దానికి లోతైన కారణం వెతక్కండి.

6. ప్రశ్న మారితే జాతి మారుతుంది

మన తెలుగు నేల నుంచి ఒక ప్రశ్న తీసుకుంటాను. గుంటూరు జిల్లా యాజలిలో 1921లో పుట్టిన మతుకుమల్లి వెంకట సుబ్బారావు గారు తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పనిచేసి, తర్వాత కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో స్థిరపడ్డారు. 1966లో ఆయన, ఎల్.జె. వారెన్ కలిసి యూనిటరీ పర్ఫెక్ట్ నంబర్లను ప్రవేశపెట్టారు. అందులో ప్రతి కారణాంకాన్నీ లెక్కలోకి తీసుకోరు. కారణాంకానికీ, దానితో భాగిస్తే వచ్చే సంఖ్యకూ ఉమ్మడి ప్రధాన కారణాంకం ఉండకూడదు. అంటే 2⁶ను తీసుకుంటే మొత్తం తీసుకోవాలి, లేకపోతే పూర్తిగా వదిలేయాలి. ముక్కలు చేయడం కుదరదు.

ఈ షరతు పెట్టగానే మన సంఖ్య వైభవం ఎలా కరిగిపోతుందో చూడండి. ఎనిమిది ప్రధాన సంఖ్యలు, ఒక్కోదానికి రెండే దారులు. 5040 కారణాంకాల్లో మిగిలినవి 256. వాటి మొత్తం 65 × 82 × 26 × 50 × 12 × 14 × 18 × 20, అంటే 4,19,06,59,20,000. సంఖ్యకు దాదాపు 1.43 రెట్లు. రెండు రెట్లకు చేరలేదు. మామూలు లెక్కలో సమృద్ధ సంఖ్య, సుబ్బారావు గారి లెక్కలో న్యూన సంఖ్య. ఎక్కువ ఘాతాల మీద కట్టుకున్న సంపద కాబట్టి ఘాతాలను చూడని చూపుకు అది కనపడదు.

సరిగ్గా రెండు రెట్లు వచ్చే యూనిటరీ పర్ఫెక్ట్ సంఖ్యలు ఇంతవరకు అయిదే తెలుసు. 6, 60, 90, 87,360 మొదటి నాలుగు. అయిదోది 24 అంకెల సంఖ్య. ఇవి పరిమితంగానే ఉంటాయని సుబ్బారావు గారి ఊహ. నిరూపణ ఇంకా రాలేదు.

ఇంకో తెలుగునాటి పేరు చెప్పాలి. ఒక సంఖ్యలోని ప్రధాన సంఖ్యలన్నీ చిన్నవే అయితే దాన్ని స్మూత్ సంఖ్య అంటారు. మన సంఖ్యలో అతి పెద్ద ప్రధాన సంఖ్య 19. అంత పెద్ద సంఖ్యకు ఇది చాలా చిన్నది. ఇలాంటి సంఖ్యలు ఒక హద్దు లోపు ఎన్ని ఉంటాయన్న ప్రశ్న మీద ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన వి. రామస్వామి 1949లో అమెరికన్ మేథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ప్రచురించిన వ్యాసం ఈ రంగంలో తొలినాటి పనుల్లో ఒకటి. ఇవాళ బ్యాంకు లావాదేవీలకు కాపలా కాసే గుప్తలేఖనంలో పెద్ద సంఖ్యలను విడగొట్టే పద్ధతులు స్మూత్ సంఖ్యల వేట మీదే నడుస్తాయి.

మిగతా వర్గాలు రెండు మాటల్లో. 1948లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో ఎ.కె. శ్రీనివాసన్ ప్రాక్టికల్ నంబర్లను పరిచయం చేశారు. తనకంటే చిన్న ప్రతి సంఖ్యనూ తన వేర్వేరు కారణాంకాల మొత్తంగా రాయగలిగినదే ప్రాక్టికల్ నంబర్. మనది అందులో చేరుతుంది. నాసిక్ దగ్గర దేవళాలీలో బడిపంతులుగా పనిచేసిన డి.ఆర్. కాప్రేకర్ పేరు పెట్టిన హర్షద్ సంఖ్యల్లోనూ చేరుతుంది. అంకెలు కూడితే 45 వస్తుంది, 45 దీన్ని శేషం లేకుండా భాగిస్తుంది. ఈ రెండో గుణానికి పెద్ద విలువ ఇవ్వను. మనం పదుల్లో లెక్కపెట్టడం మానేస్తే అది మారిపోవచ్చు. కారణాంకాలు 5040 అన్నది ఏ పద్ధతిలో రాసినా మారదు. సంఖ్య గుణాలన్నీ ఒకే తూకం కావు. కొన్ని సంఖ్యవి, కొన్ని మనం దాన్ని రాసే తీరువి.

7. విద్యార్థులకు

ఇంతసేపూ ఒక్క సంఖ్య గురించే మాట్లాడాను. అదే సంఖ్య మొదటి వరుసలోనూ రెండో వరుసలోనూ నిలబడింది, సమృద్ధమూ అయింది, న్యూనమూ అయింది. సంఖ్య మారలేదు. మనం వేసిన ప్రశ్నలు మారాయి. వర్గీకరణ అంటే సంఖ్యలకు చీటీలు అంటించడమని పాఠ్యపుస్తకాలు చదివి అనుకుంటాం. నిజానికి ప్రతి వర్గమూ ఎవరో ఒకరు వేసిన ప్రశ్న. ప్రశ్న సరిగ్గా చెబితే జవాబు ఎవరి అనుమతీ అడగదు. వేసినవాళ్ళ చేయి కూడా జారవచ్చు, జవాబు జారదు.

రామానుజన్ తర్వాత ఎర్డోష్ 1944లో అతిసంయుక్త సంఖ్యలు ఎంత తరచుగా వస్తాయో మెరుగైన హద్దు ఇచ్చారు. నికొలా మరోవైపు హద్దు ఇచ్చారు. రొబాఁ 1983లో మొదటి 5000 సంఖ్యల జాబితా తయారు చేశారు. ఒకప్పుడు నెలలు పట్టే పని ఇప్పుడు మీ చేతిలోని ఫోను క్షణంలో చేస్తుంది. అందుకని ఫోను చెప్పింది నమ్మేస్తే పుస్తకం చివరి పుట నమ్మినట్టే. ఫోను ఎందుకు ఆ జవాబు ఇచ్చిందో చెప్పలేకపోతే మాస్టారి దగ్గర మార్కులు పడవు.

కాబట్టి ఈ ఏడాది ధర్మనిధి బహుమతి పోటీకి నాదొక సూచన. నేను మూడో విభాగంలో కొన్ని చోట్ల ‘ఎలా సర్దినా’ అని దాటేశాను. ఎనిమిది ప్రధాన సంఖ్యల గుంపులో 4608, తొమ్మిదింటిలో 4800, పదింటిలో 4096 దాటవని చెప్పాను కానీ అన్ని సర్దుబాట్లూ చూపించలేదు. ఏడు, అంతకు తక్కువ ఉన్న గుంపులకైతే అంకె కూడా ఇవ్వలేదు. అవన్నీ పూర్తిగా రాసి తెచ్చినవారికి బహుమతి ఇవ్వండి. రాస్తూ ఉండగా నేను చెప్పిన అంకెల్లో ఏదైనా తప్పని తేలితే, మొదటి బహుమతి వారికే ఇవ్వండి.